గద్దె దిగుట: దీర్ఘాధికారమును విమర్శించిన పత్రికాభాష

పదవిని చిరకాల మనుభవించి, విడువవలసిన వేళ విడువజాలని నాయకుని విమర్శించుట పత్రికలకు క్రొత్త పని కాదు. తెలుగు పత్రికాచరిత్రలో ఈ విమర్శకు దీర్ఘమైన పరంపర కలదు. అయినను ఆ విమర్శ ఎట్లు చేయబడినది, అందేది నిలిచినది, ఏది వట్టి నిందగా మిగిలిపోయినది అను విచారణ జరుగవలసినంతగా జరుగలేదు. పాత పత్రికల సంపుటములను ముందుంచుకొని కూర్చున్న పరిశోధక విద్యార్థి తొలుత కఠినపదముల నేరి పట్టిక కట్టుటకు పూనుకొనుట సహజము. ఎక్కువ కఠినపదములు గల సంపాదకీయమే ఎక్కువ ధైర్యము గలదని తీర్పు చెప్పుటయు అంతే సహజము. ఈ కొలమానము మనలను తప్పుదారి పట్టించునని చూపి, దానికి బదులుగా మఱియొక కొలమానమును సూచించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఉదాహరణములకై మేము ఖమ్మము జిల్లాను, అందును బోనకల్ ప్రాంతమును దృష్టియం దుంచుకొంటిమి. ఖమ్మము నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున చింతకాని, మోటమర్రి స్టేషనుల నడుమ బోనకల్ ఉన్నది. దానికి దక్షిణమున మధిర, ఎఱ్ఱుపాలెము దాటిన పిమ్మట ఎల్ల వచ్చును. 1948 వఱకు ఆ యెల్లకు ఈవల నిజాము సంస్థానము, ఆవల మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లా. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా అది రెండు జిల్లాల నడిమి గీతగా మాఱెను; 2014లో మరల రెండు రాష్ట్రముల సరిహద్దయ్యెను. ఈశాన్యమున నున్న భద్రాచలపు అడవిప్రాంతము సయితము 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ పిమ్మటనే ఖమ్మము జిల్లాలో చేరెను. విజయవాడలో అచ్చుపడిన పత్రిక రైలులో ఖమ్మము చేరవలెనన్న బోనకల్ దాటియే పోవలెను. ఏలుబడి హైదరాబాదున, అచ్చు విజయవాడలోనో మద్రాసులోనో, చదువరి నడుమను: అధికారమునకును పత్రికకును గల సంబంధమును పరిశీలించుటకు ఇట్టి తావు మిక్కిలి యనుకూలము.

ముందుగా మూడు మాటలను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. అధికారస్థానమును మన పత్రికలు సామాన్యముగా పదవి, కుర్చీ, గద్దె అని వ్యవహరించుచున్నవి. 'పదవి' సంస్కృతపదము. అమరకోశము దీనిని మార్గవాచకములలో చేర్చినది. అనగా పదవి యన్నది మొదట నడచిపోవు దారి. హోదా యను అర్థము తరువాతి పరిణామము. 'కుర్చీ' అరబ్బీ నుండి ఉర్దూ ద్వారమున మనకు వచ్చినది. అది కూర్చుండుటకే గాని నడచుటకు గాదు. వ్యంగ్యచిత్రకారులకు ఈ మాటయే మిక్కిలి ప్రియమైనది. కుర్చీని కౌగిలించుకొనిన నాయకుని, కుర్చీకి వ్రేలాడు నాయకుని బొమ్మలో చూపుట సులభము గదా. ఇక 'గద్దె' యను మాటకు అరుగు, ఆసనము, సింహాసనము అను అర్థములు కలవు.

ఈ మూడవ మాట గోదావరికి ఈవలి అడవులలో నేటికిని మఱియొక సందర్భమున సజీవముగా నున్నది. ములుగు జిల్లా మేడారములో రెండేండ్ల కొకసారి మాఘమాసమున జరుగు సమ్మక్క సారలమ్మ జాతరలో, తల్లులు కొలువుదీరు అరుగులకు గద్దె లని పేరు. కన్నెపల్లి నుండి సారలమ్మయు, చిలుకలగుట్ట నుండి సమ్మక్కయు వచ్చి గద్దెల నెక్కుదురు. నాలుగవనాడు గద్దెలు దిగి వనప్రవేశము చేయుదురు. అచట గద్దె దిగుట అవమానము కాదు. దిగు దినము ముందే తెలిసియుండుటచేత అది జాతరకు నిండుదనమును కూర్చు ఘట్టమగుచున్నది. పత్రికలలో నన్ననో 'గద్దె దిగుట' పరాభవమునకు పర్యాయపదమైనది. ఒకే మాటకు ఇంత భేద మేల కలిగెను? దిగవలసిన వేళయు, దిగు దారియు నిర్ణీతమైనచోట దిగుట మర్యాద. అవి లేనిచోట, లేక మూయబడినచోట, దిగుట పతనము. మా విచారణకంతటికిని మూలమైన విషయ మిదియే.

పదవిని అంటిపెట్టుకొనుట యనగా చాల సంవత్సరములు పదవిలో నుండుట యని పలువురు తలచెదరు. ఇది సరికాదు. పశ్చిమబెంగాలున జ్యోతిబసు 1977 నుండి 2000 వఱకును, సిక్కింలో పవన్ కుమార్ చామ్లింగ్ 1994 నుండి 2019 వఱకును, ఒడిశాలో నవీన్ పట్నాయక్ 2000 నుండి 2024 వఱకును ముఖ్యమంత్రులుగా నుండిరి. వీరిలో మొదటివారు తామై తప్పుకొనిరి. తక్కిన యిద్దఱును ఎన్నికలలో ఓడి దిగిపోయిరి. వారి పాలనపై విమర్శ లుండవచ్చును. కాని దింపు దారి తెఱచియే యున్నది. తెలుగునాట కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్నది ఏడున్నర సంవత్సరములే. అయినను పదవిని పట్టుకొని విడువరను నింద ఆయనకు వచ్చినట్లు మఱి పెక్కుమందికి రాలేదు. అమెరికాలో 1951 నాటి ఇరువదిరెండవ రాజ్యాంగసవరణ అధ్యక్షునిగా రెండుసార్లకు మించి ఎన్నిక కాగూడదని హద్దు పెట్టినది. మన రాజ్యాంగమున ముఖ్యమంత్రికి గాని ప్రధానమంత్రికి గాని అట్టి హద్దు లేదు. కావున 'ఇంక నెంతకాలము?' అను ప్రశ్న నడుగు భారము మనదేశమున ఓటరుపైనను, ఓటరునకు వార్త నందించు పత్రికపైనను పడినది. ఆ ప్రశ్నకు సంవత్సరముల లెక్క సమాధానము కాదు. తన్ను దింపగల దారులను అధికారి మూయుచున్నాడా లేదా యనునదే సమాధానము. ఈ దృష్టితో ఖమ్మము జిల్లాకు సంబంధించిన మూడు ఘట్టములను పరిశీలింతము.

మొదటి ఘట్టము నిజాము కాలము. మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 ఆగస్టులో రాజ్యమునకు వచ్చి 1948 సెప్టెంబరు వఱకు, ముప్పదియేడేండ్లు ఏలెను. ఆయన వంశపారంపర్యపు ప్రభువే గాని మనమిప్పుడు చెప్పు రాజకీయనాయకుడు కాడు. కాని దిగు దారి లేని అధికారమును పత్రిక ఎట్లు విమర్శింపవలె నను చిక్కు తెలంగాణపు తెలుగు పత్రికలకు మొదట ఎదురైనది ఆయన కాలముననే. 1922లో షబ్నవీసు వేంకట రామనరసింహారావుగారు నల్లగొండ నుండి 'నీలగిరి' పత్రికను, ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి గ్రామము నుండి 'తెనుగు' పత్రికను ప్రారంభించిరి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున హైదరాబాదు నుండి 'గోలకొండ పత్రిక' వెలువడెను. ప్రభువు పేరెత్తి విమర్శించుటకు వీలు లేదు. బహిరంగసభకు అనుమతి కావలెను. 1938లో స్టేట్ కాంగ్రెసు సంస్థ ఏర్పడుచుండగనే నిషేధింపబడి, 1946 వఱకు ఆ నిషేధమునకు లోబడి యుండెను. తొలినాళ్ల ఆంధ్రమహాసభ సమావేశములే రాజభక్తిని ప్రకటించి గాని కార్యక్రమమునకు దిగజాలవయ్యెను. ఆ మహాసభ 1934లో ఒకమారు, 1945లో మఱియొకమారు ఖమ్మములో జరిగినది.

ఇట్టి స్థితిలో పత్రిక ఏమి చేయగలదు? ప్రభువును విడిచి, ప్రభుత్వము పల్లెలో కనబడు రూపమును పట్టుకొనినది. వెట్టిచాకిరిని గూర్చియు, తెలుగు పాఠశాలల లేమిని గూర్చియు, ఉద్యోగుల యక్రమములను గూర్చియు వ్రాసినది. కూలి లేక బరువు మోయించుకొనిన యధికారి ఎవరు, ఆ పని చేయించుట కాతనికి ఏ చట్టము అధికార మిచ్చినది అని యడుగుట రాజద్రోహము కాదు. కాని ఇట్టి ప్రశ్నలు నూఱు కూడిన పిమ్మట చదువరి తానై పైకి చూచును. పేరు చెప్పక పోయినను వ్యవస్థ యంతయు బయలుపడును. తెలంగాణమున తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు ప్రతాపరెడ్డిగారు కోపోక్తులతో బదులు చెప్పక, 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిన విషయ మెల్లరకు తెలిసినదే. ఆక్షేపణ వేఱు, అధికారవిమర్శ వేఱు. కాని పద్ధతి యొక్కటియే: నిందకు బదులు నిదర్శనము.

అదే కాలమున ఎల్లకు ఆవల పరిస్థితి వేఱు. బందరున 'కృష్ణాపత్రిక', మద్రాసున 'ఆంధ్రపత్రిక', బెజవాడలో 'ప్రజాశక్తి' నిజాము హద్దునకు వెలుపల అచ్చగుచుండెను. ఆవలివారికి బ్రిటిషు ప్రభుత్వపు ఆంక్ష లున్నను, నిజాము పేరెత్తుట కడ్డు లేదు. అనగా బయటి పత్రికకు పేరు చెప్పు స్వేచ్ఛ కలదు; లోపలి పత్రికకు వివరము తెలియు సామీప్యము కలదు. బోనకల్, మధిర ప్రాంతముల వంటి సరిహద్దు తావులలో ఈ రెండును ఒకే చదువరి చేతికి అందుట సాధ్యము. ఆ కాలపు పత్రికలను పరిశోధించువారు ఒక వైపు సంపుటములను మాత్రమే చూచి తృప్తిపడరాదు.

పరోక్షవిమర్శను ఇంతగా మెచ్చుకొనుటచే ప్రత్యక్షవిమర్శ తక్కువ దని మా భావము కాదు. దాని వెల యెంతయో చూపిన ఘట్టము కూడ ఆ కాలముననే జరిగినది. మందుముల నరసింగరావుగారి ఉర్దూ పత్రిక 'రయ్యత్'లో పనిచేసిన షోయబుల్లాఖాన్, ఆ పత్రిక నిలిచిపోయిన పిమ్మట 'ఇమ్రోజ్' అను ఉర్దూ దినపత్రికను స్థాపించి, రజాకార్ల దౌర్జన్యములను ఖండించుచు, సంస్థానము భారతదేశమున చేరవలెనని నిర్భయముగా వ్రాసెను. 1948 ఆగస్టు 21–22 తేదీల నడిమి రాత్రి, కార్యాలయము నుండి ఇంటికి మఱలుచున్న ఆ యువసంపాదకుని దుండగులు తుపాకితో కాల్చి, వ్రాసిన చేతిని నఱికిరి. నెల తిరుగకముందే సంస్థానము భారతదేశమున లీనమైనది. ఆ చేతిని నఱికినది కఠినపదములకు కాదు. దింపు దారి యొకటి కలదని అది ప్రజలకు చూపినందులకు. విలీనము తరువాతను నిజాము 1950 జనవరి నుండి 1956 అక్టోబరు వఱకు రాజప్రముఖుడుగా కొనసాగెననుట గమనింపదగినది. అధికారము పోయినను గద్దె కొంతకాలము నిలిచియే యున్నది.

రెండవ ఘట్టము 1969. ఇప్పుడు ప్రభువు లేడు. శాసనసభ కలదు, ఎన్నిక కలదు, పేరు చెప్పు స్వేచ్ఛ కలదు. బ్రహ్మానందరెడ్డిగారు 1964 ఫిబ్రవరి 29న ముఖ్యమంత్రి యైరి. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందము అమలుకాలేదనియు, స్థానికులకు రావలసిన కొలువులు ఇతరులకు పోయిన వనియు తెలంగాణమున పేరుకొనిన అసంతృప్తి, పాల్వంచలోని కొత్తగూడెము విద్యుత్కేంద్రమున మొదలై, 1969 జనవరిలో ఖమ్మమున జరిగిన విద్యార్థి నిరాహారదీక్షతో బయలుపడి, తెలంగాణమంతట వ్యాపించెను. రక్షణల కోరిక ప్రత్యేకరాష్ట్రపు కోరికగా మాఱినది. దానితోబాటు ముఖ్యమంత్రి గద్దె దిగవలె నను నినాదము పుట్టినది. ఆ యేడు జూన్ మాసమున ఆయన రాజీనామా సమర్పించినను అది ఆమోదింపబడలేదు. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి పదునాలుగింట పది స్థానములను గెలిచెను. ఆ సెప్టెంబరులో ఆయన దిగిపోయిరి, పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రి యైరి.

ఇచట ఇరుపక్షముల వాదమును వినుట న్యాయము. శాసనసభలో ఆధిక్యము చెడలేదనియు, వీథిలోని యాందోళనకు లొంగి ముఖ్యమంత్రి దిగుట మంచి సంప్రదాయము కాదనియు ఆయన పక్షమువారి వాదము. ప్రజల విశ్వాసము పోయిన పిమ్మట సభలోని లెక్క యెందులకని ఎదుటిపక్షము. ఈ రెంటి నడుమ పత్రిక చేయదగిన పని యొకటి కలదు: విశ్వాసము పోయినదో లేదో తేల్చు దారి యేది, అది తెఱచియున్నదా, దానికి అడ్డెవరు అని పరిశీలించుట. నాయకుని మార్పు రాష్ట్రరాజధానిలో గాక పార్టీ యధిష్ఠానమున నిర్ణయ మగుచున్న దను సత్యము అట్టి పరిశీలనలో బయటపడును. అది మాని వ్యక్తినే లక్ష్యముగా పెట్టుకొనిన విమర్శకు ఏమి జరిగినదో తరువాతి రెండేండ్లు చూపినవి. వ్యక్తి దిగెను, సమస్య దిగలేదు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, ఈ మాఱు జై ఆంధ్ర ఉద్యమము చెలరేగినది. 1973 జనవరిలో క్రొత్త ముఖ్యమంత్రియు దిగిపోయి రాష్ట్రపతిపాలన వచ్చినది. ఒక పేరు చుట్టు తిరిగిన వ్యాసములు ఆ పేరుతోనే పాతబడినవి. కొలువుల లెక్కలను, ఒప్పందపు షరతులను విప్పి చూపిన వ్యాసములు నేటికిని చరిత్రకారునకు పనికివచ్చుచున్నవి.

ఈ ఘట్టమున మఱియొక పాఠము కూడ కలదు. దీక్ష మొదలైన ఖమ్మములోనే 1971లో లోక్‌సభ స్థానము కాంగ్రెసునకు దక్కినది. కావున పత్రికలోని వేడిని చూచి చదువరి మనస్సు నూహించుట ప్రమాదకరము.

మూడవ ఘట్టము అత్యవసరపరిస్థితి. 1973 డిసెంబరులో ఖమ్మము జిల్లాకు చెందిన జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రి యైరి. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ప్రధాని ఇందిరాగాంధిగారి ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పినది. జూన్ 25 రాత్రి అత్యవసరపరిస్థితి ప్రకటింపబడినది. వార్తలకు ముందస్తు తనిఖీ వచ్చినది. రాష్ట్రప్రభుత్వము దానిని అమలుపఱచినదే గాని పుట్టించినది కాదు. 1971లో ఎన్నికైన లోక్‌సభ ఆయుర్దాయము 1976లో పొడిగింపబడినది. నలుబదిరెండవ సవరణ అయిదేండ్ల గడువును ఆఱేండ్లు చేసినది. 1978 నాటి నలుబదినాలుగవ సవరణ మరల అయిదు చేసినది. మా నిర్వచనమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు. దింపు దారులు మూడు: న్యాయస్థానము, ఎన్నిక, పత్రిక. మూడింటికిని ఒకే కాలమున అడ్డుకట్ట పడినది.

ఆ కాలపు సంపుటములను తిరుగవేయు విద్యార్థి కఠినపదముల పట్టిక కట్టబూనిన ఏమి దొరకును? ఏమియు దొరకదు. అంతమాత్రమున విమర్శ లేదనవచ్చునా? 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' 1975 జూన్ 28న సంపాదకీయస్థలమును ఖాళీగా విడిచినది. ఆ తెల్లని చోటున ఒక్క అక్షరము లేదు. అయినను అది ఆనాటి సంపాదకీయములలో మిక్కిలి స్పష్టమైనది. ఏది వ్రాయబడినదో చూచుటతోబాటు, ముందురోజు వఱకు వ్రాయబడుచుండి మఱునాడు మాయమైన దేదో చూచుట పరిశోధకుని విధి. మౌనము కూడ ఆధారమే. 1977 మార్చి ఎన్నికలలో ఉత్తరదేశమున కాంగ్రెసు తుడిచిపెట్టుకొని పోగా, ఆంధ్రప్రదేశ్‌లో నలుబదిరెండింట నలుబదియొక్క స్థానములు దానికే దక్కినవి. పత్రిక నోరు మూసిన కారణముననే ఇట్లయ్యెనని తేల్చి చెప్పుటకు వీలులేదు. నోరు తెఱచియున్నచో వేఱుగా నుండెడిదనియు చెప్పలేము. విమర్శ విలువను నాయకుని గెలుపోటములతో కొలువగూడదని మాత్రము చెప్పవచ్చును.

ఈ మూడు ఘట్టముల నుండి పరిశోధకులు ప్రతి సంపాదకీయమునకును వేయదగిన మూడు ప్రశ్నలను మేము సూచించుచున్నాము. ఒకటి: ఈ అధికారిని దింపు దారి యేది, దాని నెవరు మూసిరి అన్నది ఈ రచన చూపుచున్నదా? రెండు: ఆ మూతవలన ఏ యూరిలో, ఏ పనిలో, ఎవరికి నష్టము కలిగినదో చెప్పుచున్నదా? మూడు: నాయకుని పేరు చెఱిపి చదివినను విమర్శ నిలుచునా? ఈ మూడవది తరగతిగదిలో సులభముగా చేయదగిన పరీక్ష. ఒక సంపాదకీయమును తీసికొని, పేరు ఉన్న ప్రతిచోట గీత గీసి, విద్యార్థులచే చదివింపుడు. పేరుతోబాటు వ్యాసము కూడ కూలిపోయిన, అది నిందయే. పేరు లేకున్నను ఏర్పాటంతయు కండ్లకు గట్టిన, అది విమర్శ. 'గోలకొండ పత్రిక'కు ఈ పరీక్షను ఆనాటి ప్రభుత్వమే నిర్బంధముగా పెట్టినది. ఆ పత్రిక నెగ్గినది.

చివరకు ఒక విషయము. పత్రికయు ఒక పీఠమే. సంపాదకుడును, యజమానియు ఎవరి యోటుచేతను ఎక్కరు, ఎవరి యోటుచేతను దిగరు. ఇతరులకు గడువు నడుగువారు తమ పుటలలో ఎదుటివాని జవాబునకు చోటిచ్చుటయు, తమ పొరపాటును తామే దిద్దుకొనుటయు ఆ లోటును కొంత పూరించును. ఈ గుణము లేని పత్రిక ఎంత ఘాటుగా వ్రాసినను, చదువరి దానిని ఒక కుర్చీ మఱియొక కుర్చీతో చేయు తగవుగానే చూచును.

'పదవి' యనగా దారి యని పూర్వులు చెప్పిరి. దారిలో నిలిచిపోయినవానిని తిట్టుట సులభము. దారి యెచ్చట మూయబడినదో చూపుట కష్టము. తెలుగు పత్రికలు ఈ రెండు పనులను చేసినవి. వానిలో రెండవదానిని వెదకి, యేర్చి, కూర్చి, పాఠ్యముగా రాబోవువారి కందించుట మన తెలుగుశాఖల కర్తవ్యమని మా విన్నపము.